ముంగాలి నొప్పి

ముంగాలి నొప్పి అనగా అరికాలిలో వేళ్ళ మొదళ్ళకు, పాదపు వంపునకు మధ్యనున్న మెత్తని ఉబ్బెత్తు భాగంలో కలిగే నొప్పి. ఈ భాగాన్ని ముంగాలు అంటారు. వైద్య పరిభాషలో ఈ నొప్పికి మెటాటార్సాల్జియా అని పేరు. ఇది ప్రత్యేకించి ఒక వ్యాధి కాదు. ముంగాలు తట్టుకోగలిగిన దానికంటే ఎక్కువ భారం దానిపై పడుతున్నదని తెలిపే సూచన మాత్రమే. పరుగు, గెంతడం, నృత్యం, కొండలెక్కి దిగడం, బరువులు మోయడం వంటి శ్రమల వలన ఇది సాధారణంగా వస్తుంది. భారాన్ని తగ్గించి, పాదరక్షలను సరిచేసుకుంటే చాలామందిలో కొద్ది వారాలలో ఉపశమిస్తుంది.

తూర్పు కనుమలలోని అరకులోయ, అనంతగిరి, డుంబ్రిగూడ, హుకుంపేట, పాడేరు, ముంచంగిపుట్టు ప్రాంతాలలో ఈ నొప్పికి ఒక ప్రత్యేకత కలదు. మైదాన ప్రాంతాలలో ముంగాలి నొప్పి ఎక్కువగా క్రీడాకారులకు, గంటలకొద్దీ నిలబడి పనిచేసేవారికి, ఎత్తు మడమల చెప్పులు తొడిగేవారికి సంబంధించిన బాధ. కొండలపైని అనేక గూడేలకు మాత్రం కాలినడకయే ఇప్పటికీ ముఖ్యమైన ప్రయాణ సాధనం. అక్కడ పాదం నొచ్చితే పొలం పని, సంతకు పోవడం, నీరు తేవడం అన్నీ ఆగిపోతాయి. "కొన్నాళ్ళు నడవకండి" అనే సలహా వారికి ఆచరణ సాధ్యం కాదు. కనుక పని పూర్తిగా మానకుండా పాదంపై భారాన్ని ఎలా తగ్గించుకోవచ్చునో తెలుసుకోవడం అవసరం.

పాద నిర్మాణం

మానవ పాదంలో 26 ఎముకలు ఉంటాయి. వీటిలో పాదం మధ్యనుండి వేళ్ళ మొదళ్ళ వరకు సాగిన 5 పొడవాటి ఎముకలను ప్రపాదాస్థులు అంటారు. బొటనవేలి వైపు నుండి వీటిని ఒకటి నుండి ఐదు వరకు లెక్కిస్తారు. వీటి ముందు కొనలు గుండ్రంగా ఉండి, కాలివేళ్ళతో కీళ్ళుగా ఏర్పడతాయి. ఈ గుండ్రని కొనల వరుసయే ముంగాలు.

బొటనవేలి ప్రపాదాస్థి కొన క్రింద, స్నాయుబంధనంలో ఇమిడి, రెండు చిన్న ఎముకలు ఉంటాయి. వీటిని సెసమాయిడ్ ఎముకలు అంటారు. నువ్వుగింజను పోలినది అని ఆ పేరుకు అర్థం. అయితే ఇవి దాదాపు బఠాణీ గింజంత ఉంటాయి. ముంగాలి చర్మం క్రింద కొవ్వుతో నిండిన మెత్త ఒకటి ఉండి, ఎముకలకు నేల తాకిడి తగలకుండా కాపాడుతుంది. వయస్సు పెరిగేకొద్దీ ఈ మెత్త పలుచబడుతుంది. నడివయస్సు దాటినవారిలో ముంగాలి నొప్పి ఎక్కువగా కనిపించడానికి ఇది ఒక కారణం.

నడకలో మొదట మడమ నేలను తాకుతుంది. తరువాత భారం పాదం వెలుపలి అంచు మీదుగా ముందుకు సాగుతుంది. చివరకు మడమ పైకి లేచి, శరీర భారమంతా ఒక క్షణం పాటు ముంగాలిపై నిలిచి, బొటనవేలి తోపుతో అడుగు ముందుకు పడుతుంది. పరుగులో పాదంపై పడే బలం శరీర బరువుకు సుమారు రెండు నుండి మూడు రెట్లు ఉంటుంది. కొన్ని వేల అడుగులలో ఇదే తాకిడి మరలా మరలా పడుతుంది కనుక, ఏ చిన్న లోపమున్నా అది నొప్పిగా మారుతుంది.

కొండదారులలో భారం

సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులోయ చుట్టూ కొండలు అంతకంటే ఎత్తుగా ఉంటాయి. ఎగువకు నడిచేటపుడు మడమ పూర్తిగా నేలకు ఆనదు. అందువలన ముంగాలు ఎక్కువ సమయం భారం మోస్తుంది, పిక్కల కండరాలు గట్టిగా బిగుసుకుంటాయి. దిగువకు నడిచేటపుడు పాదం చెప్పులో ముందుకు జారి, వేళ్ళు, ముంగాలు కొనభాగానికి ఒరుసుకుంటాయి. ప్రతి అడుగునూ ఆపుకుంటూ దిగవలసి రావడం వలన తాకిడి కూడా ఎక్కువే. పాడేరు సమీపంలోని వంజంగి కొండకు మేఘాలను చూడడానికి తెల్లవారుజామున ఎక్కే పర్యాటకులలో అలవాటు లేనివారికి మరునాడు అరికాళ్ళు నొప్పెట్టడానికి కారణమిదే.

బరువు మోసేవారి స్థితి ఇంకా కష్టమైనది. కావడితో సంతకు సరుకు తెచ్చేవారు, వంట చెరకు మోపులు మోసేవారు, కాఫీ తోటలలో ఏరిన పండ్లను వాలు దారిన దింపేవారు తమ శరీర బరువుతో పాటు ఆ బరువును కూడా పాదాలపైనే మోస్తారు. రహదారి లేని గూడేల నుండి రోగులను, గర్భిణులను గట్టి కర్రకు కట్టిన డోలీలో మోసుకొని వచ్చే అవసరం ఈ కొండలలో ఇప్పటికీ కలుగుతున్నది. 50 కిలోల మనిషిని ఇద్దరు మోస్తే ఒక్కొక్కరిపై అదనంగా కనీసం 25 కిలోల భారం పడుతుంది. తడిసిన రాళ్ళ బాటపై ఈ భారంతో దిగేటపుడు ముంగాలిపై పడే ఒత్తిడి చాలా తీవ్రమైనది.

థింసా నృత్యం ఈ ప్రాంతపు గిరిజనుల జీవితంలో విడదీయరాని భాగం. స్త్రీలు ఒకరి వెనుకగా మరొకరు చేతులు పెనవేసుకొని, వరుసగా, వలయంగా కదులుతూ, వాద్యాల లయకు అనుగుణంగా అడుగులు వేస్తారు. చైత్రమాసపు పండుగలలో, పెళ్ళిళ్ళలో ఈ నృత్యం చాలాసేపు సాగుతుంది. సాంప్రదాయికంగా ఇది ఊరి మధ్యనున్న మట్టినేలపై ఆడేది. మట్టి కొంత తాకిడిని పీల్చుకుంటుంది. సిమెంటు వేదికపైన, బండలు పరచిన ఆవరణలలో అదే నృత్యాన్ని వట్టికాళ్ళతో ప్రదర్శించినపుడు ఆ తాకిడి అంతా పాదానికే చేరుతుంది.

ముఖ్య కారణాలు

శ్రమను ఒక్కసారిగా పెంచడం: ఇది అన్నిటికంటే సాధారణమైన కారణం. పోలీసు కానిస్టేబుల్ ఎంపికలో 1600 మీటర్ల పరుగు ఉంటుంది. ప్రకటన వెలువడిన తరువాత కొద్ది వారాలలోనే సిద్ధం కావాలని కొత్త బూట్లు కొని తారురోడ్డుపై ప్రతిదినం పరుగెత్తే యువకులు ఈ నొప్పికి గురవుతారు. కొండలలో పుట్టి పెరిగి, నడకకు బాగా అలవాటుపడిన వారికి సైతం ఇది రావచ్చును. ఏలనగా నడకకు అలవాటుపడిన ఎముక పరుగుకు అలవాటు పడినట్లు కాదు.

పాదరక్షల లోపం: ముందు భాగం ఇరుకుగా ఉన్న బూట్లు, ఎత్తు మడమలు, అరిగి పలుచబడిన రబ్బరు చెప్పులు.

పాదపు ఆకృతి: వంపు ఎక్కువగా ఉన్న పాదం, బొటనవేలికంటే రెండవ వేలు మూలంలో పొడవుగా ఉండడం, బొటనవేలు ప్రక్కకు వంగిపోవడం, వేళ్ళు కొక్కెంలా ముడుచుకొని ఉండడం.

పిక్క కండరాలు బిగుసుకొని ఉండడం: దీనివలన మడమ త్వరగా పైకి లేచి, భారం తొందరగా ముంగాలిపైకి వస్తుంది.

ఇతర కారణాలు: అధిక బరువు, కీళ్ళవాతం, గౌట్, మధుమేహం, అరికాలి ఆనెలు, పులిపిరులు.

ఒకే నొప్పి వెనుక వేర్వేరు బాధలు

సాధారణ ముంగాలి నొప్పిలో రెండవ, మూడవ వేళ్ళ మొదళ్ళ క్రింద మంటగా, సలుపుగా ఉంటుంది. నిలబడినా, నడచినా పెరుగుతుంది, కూర్చుంటే తగ్గుతుంది. చెప్పులో గులకరాయి ఉన్నట్లు అనిపిస్తుందని చాలామంది చెబుతారు.

మూడవ, నాలుగవ వేళ్ళ మధ్య నొప్పి విద్యుద్ఘాతంలా వేళ్ళ కొనలకు ప్రాకి, తిమ్మిరి కలిగిస్తే అది మోర్టన్ న్యూరోమా కావచ్చును. వేళ్ళ మధ్యనుండే నాడి ఒత్తిడికి లోనై, దాని చుట్టూ ఉన్న కణజాలం మందంగా మారడం వలన ఇది ఏర్పడుతుంది. 1876లో ఫిలడెల్ఫియా నగరానికి చెందిన శస్త్రవైద్యుడు థామస్ జార్జ్ మోర్టన్ వర్ణించినందున దీనికి ఆ పేరు వచ్చింది. బూటు విప్పి పాదాన్ని పిసికితే తగ్గడం దీని గుర్తు.

పాదం పైభాగంలో వాపు, ఒక ఎముకపై వ్రేలితో నొక్కినపుడు ఒకే బిందువు వద్ద తీవ్రమైన నొప్పి ఉంటే ఎముకలో సన్నని పగులు ఏర్పడి ఉండవచ్చును. ఇది దెబ్బ తగలడం వలన కాక, పునరావృతమైన ఒత్తిడి వలన కలిగే పగులు. 1855లో ప్రష్యా సైన్యపు వైద్యుడు బ్రైట్‌హాప్ట్, దూరప్రయాణాలు చేసిన సైనికుల పాదాలలో ఈ వాపును మొదట వర్ణించాడు. 1895లో ఎక్స్‌కిరణాలు కనుగొనబడిన తరువాతనే దీని మూలం ఎముక పగులని తెలిసింది. అందుకే దీనిని మార్చ్ ఫ్రాక్చర్ అని పిలుస్తారు. ఇది ఎక్కువగా రెండవ, మూడవ ప్రపాదాస్థులలో వస్తుంది. మొదటి రెండు మూడు వారాలలో ఎక్స్‌రేలో కనిపించకపోవచ్చును. కనుక ఎక్స్‌రే బాగున్నదని నొప్పితోనే పరుగు కొనసాగించరాదు. సాధారణంగా ఆరు నుండి ఎనిమిది వారాల విశ్రాంతితో ఇది మానుతుంది.

బొటనవేలి మొదట, క్రిందివైపు మాత్రమే నొప్పి ఉంటే సెసమాయిడ్ ఎముకల చుట్టూ వాపు ఉన్నట్లు భావించవచ్చును. గెంతే క్రీడలవారిలో, నర్తకులలో ఇది ఎక్కువ.

ఉపశమన మార్గాలు

భారాన్ని తగ్గించుట: నొప్పి మొదలైన తొలి రెండు మూడు దినాలు పరుగు, గెంతడం, నృత్యం మానవలెను. నడక తప్పనివారు బరువును తగ్గించుకొని రెండు విడతలుగా మోయడం, ఏటవాలుగా కాక అడ్డంగా మలుపులు తిరుగుతూ దిగడం, చిన్న అడుగులు వేయడం, ఎగువకు నడిచేటపుడు వీలైనంత వరకు పాదమంతా నేలపై ఆనించడం మేలు. ఒక ఊతకర్ర పట్టుకుంటే దిగేటపుడు పాదంపై పడే భారంలో కొంత చేతికి మారుతుంది. వ్యాయామం పూర్తిగా మానలేనివారు సైకిలు తొక్కడం, ఈత వంటివి చేయవచ్చును. సైకిలు తొక్కేటపుడు పెడలుపై ముంగాలిని కాక పాదం మధ్యభాగాన్ని ఉంచవలెను.

చల్లదనం: మంచుముక్కలను గుడ్డలో చుట్టి 15 నుండి 20 నిమిషాల పాటు, దినానికి మూడు నాలుగు సార్లు ఉంచవలెను. మంచును నేరుగా చర్మంపై పెట్టరాదు. మంచు దొరకని చోట చల్లని ఊటనీటిలో పాదాన్ని ఉంచినా కొంత ఉపశమనం కలుగుతుంది. పాదంపై పుండు, కోత ఉన్నవారు గెడ్డ నీటిలో ఉంచరాదు. పడుకొన్నపుడు పాదం క్రింద దిండు పెట్టి ఎత్తుగా ఉంచితే వాపు తగ్గుతుంది.

పాదరక్షలు: ఒక కాగితంపై నిలబడి పాదం చుట్టూ గీత గీసి, దానిపై చెప్పును ఉంచి చూడవలెను. గీత చెప్పు వెలుపలకు కనిపిస్తే ఆ చెప్పు ఇరుకైనది. పాదాలు సాయంకాలానికి కొంత ఉబ్బుతాయి కనుక పాదరక్షలను ఆ సమయంలో కొనడం మంచిది. పొడవైన వేలి ముందు బొటనవ్రేలి వెడల్పు ఖాళీ ఉండవలెను. అడుగుభాగం మందంగా, మెత్తగా, మడమ తక్కువ ఎత్తుగా ఉండవలెను. లేసులున్న బూట్లలో చీలమండ వద్ద బిగించి, ముంగాలి వద్ద వదులుగా కట్టుకుంటే దిగుడు దారిలో పాదం ముందుకు జారదు.

మెత్త అమర్చుట: ముంగాలి నొప్పికి చవకైన సాధనం చెప్పులో అమర్చే చిన్న మెత్త. దీనిని ఫెల్ట్‌తో గాని, మెత్తని రబ్బరుతో గాని తయారుచేస్తారు. చాలామంది దీనిని నొప్పి ఉన్న చోటనే అతికిస్తారు. అది పొరపాటు, అందువలన ఒత్తిడి మరింత పెరుగుతుంది. మెత్తను నొప్పి బిందువుకు వెనుక, అనగా మడమ వైపున, సుమారు ఒక సెంటీమీటరు దూరంలో ఉంచవలెను. అపుడు భారం ఎముకల మెడభాగంపైకి మారి, నొచ్చిన కొనలు తేలికపడతాయి. స్థానం తెలుసుకొనడానికి నొప్పి బిందువు వద్ద తడిపిన కుంకుమ పెట్టి, చెప్పులో కాలు మోపితే గుర్తు పడుతుంది. మెత్త ముందు అంచు ఆ గుర్తుకు వెనుకగా ఉండాలి.

సాగదీత: గోడకు ఎదురుగా నిలబడి, చేతులు గోడకు ఆనించి, ఒక కాలిని వెనుకకు పెట్టి, మోకాలు వంచకుండా మడమను నేలకు అదిమి ఉంచవలెను. పిక్కలో సాగుదల తెలిసేవరకు ముందుకు వాలి, 30 సెకన్లు ఆగి, మూడుసార్లు చేయవలెను. ఇదే భంగిమను వెనుక మోకాలు కొద్దిగా వంచి మరలా చేస్తే లోపలి కండరం సాగుతుంది.

బలవర్ధక వ్యాయామాలు: నేలపై పరచిన తువ్వాలును కాలివేళ్ళతో దగ్గరకు లాగడం, గోళీలను కాలివేళ్ళతో ఎత్తి గిన్నెలో వేయడం వలన పాదంలోని చిన్న కండరాలు బలపడతాయి. నొప్పి తీవ్రంగా ఉన్న దినాలలో వీటిని చేయరాదు.

మందులు: పారాసిటమాల్, ఐబుప్రోఫెన్ వంటివి కొద్ది దినాలు నొప్పిని తగ్గిస్తాయి. అయితే భారాన్ని తగ్గించకుండా మాత్రలు మింగి శ్రమను కొనసాగిస్తే హాని పెరుగుతుంది. మూత్రపిండాల వ్యాధి, కడుపులో పుండు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని సలహా లేనిదే ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ వాడరాదు. జ్వరం కూడా ఉన్నపుడు అది డెంగీ కావచ్చు కనుక ఈ రెండింటినీ వాడరాదు. మలేరియాకు, డెంగీకి రక్తపరీక్ష చేయించవలెను.

గృహవైద్యం: జిల్లేడు ఆకును నూనె రాసి వేడిచేసి కట్టడం, ఇటుకతో కాపడం పెట్టడం పల్లెలలో వాడుకలో ఉన్నవి. గోరువెచ్చని కాపడం బిగుసుకొన్న పిక్కలకు హాయినిస్తుంది. కాని జిల్లేడు పాలు చర్మాన్ని పొక్కిస్తాయి. పాదంలో స్పర్శ తక్కువగా ఉన్నవారికి వేడి ఇటుక కాలినా తెలియదు. అటువంటి వారికి ఏ విధమైన కాపడమూ తగదు.

వట్టికాళ్ళ నడక

కొండలలో వట్టికాళ్ళతో నడిచే వృద్ధులు ఇప్పటికీ కనిపిస్తారు. వారి అరికాలి చర్మం మందంగా ఉండడం వ్యాధి లక్షణం కాదు, అది సహజ రక్షణ. కెన్యా, అమెరికా దేశాలవారిపై జరిగి 2019లో నేచర్ పత్రికలో వెలువడిన పరిశోధనలో, నడక వలన మందమైన చర్మం అరికాలి స్పర్శజ్ఞానాన్ని తగ్గించదని తేలింది. వట్టికాళ్ళ పరుగుకు చిన్ననాటి నుండి అలవాటైనవారు తరచుగా పాదం ముందు భాగంతో మెత్తగా నేలను తాకుతారని 2010లో అదే పత్రికలో ప్రచురితమైన మరొక పరిశోధన తెలిపింది.

దీనిని చూసి బూట్లకు అలవాటుపడినవారు ఒక్కసారిగా వట్టికాళ్ళతో పరుగు మొదలుపెట్టడం ప్రమాదకరం. మామూలు బూట్ల నుండి అతి పలుచని బూట్లకు మారిన పరుగువీరులను పది వారాలపాటు పరిశీలించి అమెరికాలో 2013లో ప్రకటించిన అధ్యయనంలో, పలువురి పాద ఎముకలలో వాపు కనిపించింది. దీనికి వ్యతిరేక దిశలోనూ ఇదే సూత్రం వర్తిస్తుంది. వట్టికాళ్ళకు అలవాటైన వెడల్పాటి పాదాన్ని ఇరుకు బూటులో బిగిస్తే నొప్పి తప్పదు. ఏ మార్పునైనా నెమ్మదిగా అలవాటు చేసుకోవలెను. ముళ్ళు, పాముకాటు, అరికాలి చర్మం ద్వారా ప్రవేశించే కొంకిపురుగుల నుండి రక్షణ కొరకు వెడల్పైన చెప్పులు వాడడం అందరికీ మంచిది.

నొప్పి లేని పుండు

నొప్పి శరీరానికి కాపలాదారు వంటిది. నొప్పి తెలిసిన మనిషి కుంటుతాడు, చెప్పు మార్చుకుంటాడు, కూర్చుంటాడు; పాదం మానుతుంది. మధుమేహం వలన గాని, కుష్టువ్యాధి వలన గాని నాడులు దెబ్బతిన్నపుడు ఈ కాపలా పోతుంది. ముంగాలి క్రింద ఆనె కట్టి, దాని అడుగున పుండు పడి, ఎముక వరకు చేరినా తెలియదు. వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో 1946 నుండి పనిచేసిన శస్త్రవైద్యుడు పాల్ బ్రాండ్, కుష్టురోగుల పాదాలు నశించడానికి రోగక్రిమికంటే నొప్పి తెలియకుండా పడే ఒత్తిడే ఎక్కువ కారణమని వివరించాడు. జాతీయ కుష్టు నిర్మూలన కార్యక్రమం క్రింద స్పర్శ కోల్పోయిన పాదాలవారికి ఎం.సి.ఆర్. చెప్పులను ఉచితంగా ఇస్తారు. మెత్తని సూక్ష్మరంధ్రాల రబ్బరుతో చేసిన ఈ చెప్పులు ఒత్తిడిని పాదమంతటికీ పంచుతాయి.

కావున స్పర్శ తక్కువైన పాదంలో నొప్పి లేదని నిశ్చింతగా ఉండరాదు. అటువంటివారు ప్రతి రాత్రి అరికాళ్ళను వెలుతురులో చూసుకొనవలెను. వంగలేనివారు అద్దం సహాయంతో గాని, ఇంటివారి చేత గాని చూపించుకొనవలెను. ఆనెలను బ్లేడుతో కోయడం, ఆమ్లం గల ఆనె పట్టీలు అంటించడం చేయరాదు.

వైద్యుని సంప్రదించవలసిన సందర్భాలు

* కాలు నేలపై మోపలేకపోవడం, ఒకే ఎముకపై తీవ్రమైన నొప్పి, పాదం పైన వాపు
* రాత్రివేళ విశ్రాంతిలో కూడా నొప్పి
* ఎరుపు, వేడి, చీము, జ్వరం
* తిమ్మిరి, స్పర్శ లోపించడం, రంగు పాలిన మచ్చలు
* మధుమేహం ఉన్నవారికి పాదంలో ఎటువంటి గాయమైనా
* రెండు వారాలు జాగ్రత్తలు పాటించినా తగ్గని నొప్పి

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో మొదటి పరీక్ష చేయించుకొనవచ్చును. ఎక్స్‌రే, ఎముకల నిపుణుల సలహా అవసరమైనవారిని పెద్ద ఆసుపత్రులకు, అవసరాన్ని బట్టి విశాఖపట్నంలోని కింగ్ జార్జ్ ఆసుపత్రికి పంపుతారు. మోర్టన్ న్యూరోమా తగ్గనపుడు ఇంజెక్షన్లు, చివరి మార్గంగా శస్త్రచికిత్స ఉన్నాయి. స్టెరాయిడ్ ఇంజెక్షన్లను మాటిమాటికీ తీసుకుంటే ముంగాలి మెత్త మరింత పలుచబడే ప్రమాదమున్నది.

తిరిగి వ్యాయామం మొదలుపెట్టుట

నొప్పి లేకుండా అరగంట వేగంగా నడవగలిగిన తరువాతనే పరుగు మొదలుపెట్టవలెను. మొదట ఒక నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక చొప్పున పది సార్లు, దినం విడిచి దినం చేయడం మంచిది. తారు, సిమెంటు రోడ్లకంటే చదునైన మట్టినేల మేలు. ముందు దూరాన్ని, తరువాత వేగాన్ని, చివరకు ఎగుడుదిగుడు దారులను చేర్చవలెను. వారానికి పదోవంతు మించి పెంచరాదని శిక్షకులు చెప్పేది వాడుక సూత్రమే. మరునాటి ఉదయం మంచం దిగి వేసే తొలి అడుగులు అంతకంటే మంచి కొలమానం. ఆ అడుగులలో నొప్పి పెరిగి ఉంటే ముందటి దినపు శ్రమ ఎక్కువైనట్లు, లేకుంటే సరిపోయినట్లు గ్రహించవలెను. ఎంపిక పరుగులకు సిద్ధమయ్యేవారు ప్రకటన కొరకు వేచియుండక, కనీసం మూడు నాలుగు నెలల ముందునుండి కొద్దికొద్దిగా అభ్యాసం చేయడం ఈ నొప్పికి అన్నిటికంటే మంచి నివారణ.